పుట్టివాడి పద్యం

గద్వాలలో మా అన్న పనిచేసిన పల్లీనూనె మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది. ఇంజన్ను పాత ఇనుము కింద ఎవరో కొనుక్కుపోయారు. రేకుల షెడ్డు మాత్రం అట్లాగే ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు ఆ షెడ్డులో పద్యాలు పాడేవాళ్లు కూడుతారు. వాళ్ల సంఘానికి ఒక పొడుగాటి పేరుంది, గేటు మీద బోర్డు కూడా ఉంది. ఆ పేరు పెట్టి పిలిచిన మనిషిని మాత్రం నేను ఇంతవరకూ చూడలేదు. "మిల్లుకు పోతున్న" అంటే చాలు, పాటకు పోతున్నాడని ఊరంతటికీ తెలుసు.

మా అమ్మాయి హైదరాబాదులో ఏదో క్లబ్బుకు పోయి వచ్చి గొప్పగా చెప్పింది. అక్కడ పాటగాళ్లు మనుషుల ముందే కూర్చుని వాయిస్తూ పాడతారట, వినడానికి టికెట్టట, లోపలంతా చీకటట. "గివన్నీ నేను చిన్నప్పుడే చూసిన, మీ అమ్మను" అన్నాను. మా మిల్లులో టికెట్టు లేదు, చీకటీ లేదు. రేకుల కంతల్లోంచి ఎండ పడుతుంటుంది. అక్కడిచ్చే నల్ల ద్రాక్షరసాల బదులు ఇత్తడి చెంబులో నీళ్లు తిరుగుతుంటాయి. పాట బాగుంటే మెచ్చుకుంటారు, బాగాలేకపోతే మొహం మీదే చెబుతారు. ఈ రెండోది ఆ క్లబ్బులో ఉండదనుకుంటాను.

మాది అయిజ అవతల చిన్న ఊరు. మెట్ట చేను. పల్లీలు మిల్లుకు వచ్చే కాలంలో ఇంటిల్లిపాదీ గద్వాలకు వచ్చి, ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. అన్న ఇంజను దగ్గర పని. అమ్మ ఆడవాళ్లతో కూర్చుని పల్లీలు ఏరేది. నేను బడి నుంచి రాగానే అన్నకు రొట్టె, పుంటికూర పప్పు కట్టుకుని మిల్లుకు పోయేదాన్ని. నాకు ఆ షెడ్డు అంటే ప్రాణం. అప్పుడే వత్తిన నూనె వాసన, గానుగ చెక్క వాసన కలిసి గేటు బయటి నుంచే ఆకలి పుట్టించేవి. ఇప్పటికీ వాన పడితే ఆ గచ్చులోంచి ఆ వాసన లేస్తుంది. ఆ వాసన రాగానే నాకు అమ్మ గుర్తొస్తుంది, కొంగు నిండా పొట్టుతో.

ఇంజను నడుస్తుంటే పక్క మనిషి మాట వినపడేది కాదు. అయినా మిల్లువాళ్లు పాడేవాళ్లు. పని అలుపు తెలియకుండా ఒకరు అందుకుంటే ఇంకొకరు అందుకునేవాళ్లు. ఆ మోతకు పైన వినపడాలంటే గొంతు ఎంత పైకి పోవాలి! అందుకే మా గద్వాల పాటగాళ్ల శ్రుతి ఆకాశంలో ఉంటుంది. వేరే ఊళ్ల నుంచి హార్మోనియం వాయించడానికి వచ్చినవాళ్లు మొదటి పద్యానికే బిత్తరపోయేవాళ్లు. "ఏందయ్యా, ఈడ మనుషులు పాడతరా, రైలు కూస్తదా" అని ఒకాయన అడిగాడట. మా వాళ్లు దాన్ని మెప్పు కిందే రాసుకున్నారు.

ఆ రోజుల్లో మిల్లు గుమాస్తా ఒకాయన జాతర కోసం నాటకం రాశాడు. కృష్ణ ఒడ్డున ఒక పెళ్లివారి కథ. పెళ్లికూతురితో సహా అందరూ రేవుకు వస్తారు. తోలుపడవ లాంటి పుట్టిలో ఏరు దాటించే పుట్టివాడు ఏటి వాలకం చూసి, నీళ్లు వస్తున్నాయి, పుట్టి వేయనంటాడు. ముహూర్తం దాటుతుందని వీళ్ల గోల. అప్పుడతను గట్టు మీద నిలబడి, అవతలి ఒడ్డున ఎదురుచూస్తున్న పెళ్లికొడుకు వాళ్లను కేకేసి పిలుస్తూ ఒక పద్యం పాడతాడు. ఈరోజు రాలేము, మీరే ఆగండి, ఏరు తగ్గినాక ఎట్లున్న పిల్లను అట్ల తెచ్చి అప్పగిస్తానని మాటిస్తాడు. ఆ పుట్టివాడి వేషం మా అన్నకు ఇచ్చారు. అంత దూరం పోయే గొంతు ఇంకెవరికీ లేదు.

చిక్కంతా చదువు దగ్గర వచ్చింది. అన్న నాలుగో తరగతితోనే ఆగిపోయాడు, గుమాస్తా రాతేమో గొలుసుకట్టు. అందుకని నేను చదివి చెప్పేదాన్ని, అన్న విని పట్టేవాడు. ఒక్కో పాదం నేనే రాగం కట్టి పాడి వినిపించాలి, ఊరికే చదివితే ఆయనకు ఎక్కేది కాదు. రొట్టె నములుతూ, తల ఊపుతూ నేర్చుకునేవాడు. తప్పు పోతే నేను కోప్పడేదాన్ని. నాకన్నా పెద్దవాడు, మీసాలు వచ్చినవాడు, నా ముందర బుద్ధిగా కూర్చునేవాడు. నా జన్మలో ఒక మగమనిషి నా మాట అంత శ్రద్ధగా విన్నది అదొక్కసారే అని మా ఆయన ముందరే చాలాసార్లు అన్నాను.

గుమాస్తా పోయాడు, ఆ కాగితాలు చెదలు తిన్నాయి. మిల్లు పోయింది. నాటకం ఆడేవాళ్లు లేరు. మిగిలింది ఆదివారం కూడిక, అందులో ఎవరి పద్యం వాళ్లు పాడుకోవడం.

ఇక్కడ మిల్లు పద్ధతి ఒకటి చెప్పాలి. అక్కడ ఒక్కో పద్యం ఒక్కో మనిషిది. ఇళ్లల్లో, చేన్లల్లో ఎవరైనా ఏదైనా పాడుకోవచ్చు గాని, మిల్లులో మాత్రం అది ఎవరిదో వాళ్లే పాడాలి. వయసు మీద పడి ఎవరైనా తన పద్యాన్ని ఇంకొకరికి ఇవ్వాలనుకుంటే, అందరి ముందు కూర్చుని మొదటి మాట తాను ఎత్తుకుని ఆగిపోతాడు. తీసుకునేవాళ్లు అక్కడి నుంచి అందుకుంటారు. దాన్ని ఎత్తిచ్చుడు అంటారు. ఒకసారి ఎత్తిచ్చినవాడు ఆ పద్యం మళ్లీ పాడకూడదు, మిల్లులోనే కాదు, ఇంట్లో కూడా. కూతుర్ని అత్తారింటికి పంపినట్టే అనేవాళ్లు పెద్దవాళ్లు. ఎత్తియ్యకుండా పోయినవాళ్ల పద్యాలను మాత్రం ఏడాది దాటినాక వచ్చినవాళ్లు పాడుకోవచ్చు.

రెండేళ్ల కింద మా అన్న గొంతులో గడ్డ లేచింది. హైదరాబాదు దవాఖానలో ఆపరేషన్ చేశారు. మనిషి దక్కాడు. గొంతు పోయింది. ఇప్పుడు మాట్లాడితే గాలి తప్ప ఏమీ రాదు, చెవి నోటి దగ్గర పెడితే తప్ప మాట తెలియదు. ఇక రాదని డాక్టరు నాకు, వదినకు విడిగా చెప్పాడు. అన్నకు కూడా చెప్పాడు గాని అన్న చెవికి ఎక్కించుకోలేదు. మిల్లుకు పోవడం మానేశాడు. బస్సులో కూడా ఆ వీధి వైపు చూసేవాడు కాదట.

వదిన ఫోనులో ఏడ్చింది ఒకరోజు. "పొద్దుగాల లేసి చేన్లకు పోతడు. బోరు మోటరు ఏసి, ఆ సప్పుడుల పాడ సూస్తడు, ఎవలకు ఇనరాదని. మడి నిండి నీళ్లు బాట మీదికి పారుతున్నా సోయి ఉండదు. ఎవలేం చెప్పినా ఇనడు. వస్తది, వస్తది అంటడు" అంది. నాకు దుఃఖం వచ్చింది, కోపమూ వచ్చింది. గొంతు కోసం కాచుకుని కాచుకుని మనిషి చిక్కిపోతున్నాడు. అది రాదని ఆయన ఒప్పుకునేదాకా ఈ బాధ తీరదు. ఒప్పిస్తే బతుకుతాడో కుంగిపోతాడో మాకు తెలియదు.

అట్లా ఉండగా హార్మోనియం మామ నాకు ఫోన్ చేశాడు. మామ అంటే చుట్టం కాదు, మగ్గం నేసే ఇంటి మనిషి. ఎనభైకి దగ్గర పడ్డాడు, మిల్లు కూడికకు పెద్ద ఆయనే. "బిడ్డా, మీ అన్నను ఒక్కపారి తోల్కరా. పాడొద్దు తియ్యి. ఊకె వచ్చి కూసొమ్మను. కండ్ల సూడక పానం కొట్టుకుంటుంది" అన్నాడు. నేను వనపర్తి నుంచి బయల్దేరి, కృష్ణ దాటి, మా ఊళ్లో ఉన్న అన్న దగ్గరికి పోయాను.

అన్న రానన్నాడు. బతిమాలాను, తిట్టాను, అమ్మ పేరు చెప్పాను. గోడకు చెప్పుకున్నట్టే. చివరకు, "నువ్వు రాకుంటే నేనొక్కదాన్నే పోత" అన్నాను. "పో" అని పెదవులు కదిపాడు. సరే అని సంచీ భుజానికి వేసుకుని రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. ఆటో వచ్చేలోపల, తెల్ల చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, నా వెనకే వచ్చి నిలబడ్డాడు. నేనేం మాట్లాడలేదు. మాట్లాడితే వెనక్కి పోతాడని నాకు తెలుసు.

మిల్లులో అప్పటికే జంపఖానాలు పరిచారు. ఖిల్లా ఘణపూర్ నుంచి వచ్చే బస్సు కండక్టరు, వడ్డేపల్లి నుంచి వచ్చే సారు, నాగర్‌కర్నూల్ తబలా ఆయన, గద్వాల నేతగాళ్లు, అందరూ ఉన్నారు. అన్నను చూడగానే లేచి నిలబడ్డారు. ఎవరో ఉరికి పోయి కుర్చీ తెచ్చారు. అన్న కుర్చీని చూసి, నన్ను చూసి, నా చెవిలో, "నాకేమైందే కుర్చీల కూసోనీకి?" అన్నాడు. జంపఖానా మీదే చతికిలబడ్డాడు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. రోషం ఉంటే మనిషి ఉన్నట్టే.

పాట మొదలైంది. ముందు కండక్టరు పెళ్లికూతురి తండ్రి పద్యం ఎత్తుకున్నాడు. బస్సులో టికెట్ టికెట్ అని అరిచి అరిచి బండబారిన గొంతు, పద్యంలోకి వచ్చేసరికి మెత్తగా అయిపోతుంది, అదేం మాయో. అన్న చేతివేళ్లు మోకాలి మీద తాళం వేస్తున్నాయి. నేను మనసులో ఆ దేవునికి, ఈ దేవునికి మొక్కుతున్నాను. సారు పాడాడు. ఒకచోట తప్పాడు. "సారూ, బడి ఎగ్గొట్టిన పిల్లగానోలె మాట ఎగ్గొట్టినవ్" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు. వదిన ఉంటే చూసేది అనుకున్నాను.

నాటకం వరస ప్రకారం తరువాత రావలసింది పుట్టివాడి పద్యం. హార్మోనియం మామ ఆ వరస వాయించడం మొదలుపెట్టాడు. ఎవరూ పాడలేదు. తబలా చాలా మెల్లగా పడుతోంది. అందరూ తలలు దించుకుని కూర్చున్నారు. హార్మోనియం ఒక్కటే మొదటి పాదం నుంచి చివరి పాదం దాకా, ఆ పొడుగాటి పిలుపుతో సహా, మాటల్లేకుండా వాయించుకుంటూ పోయింది. రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఇట్లాగే చేస్తున్నారని నాకు అప్పుడే తెలిసింది. అన్న మోకాలి మీద వేళ్లు ఆగిపోయాయి. పద్యం అయ్యీ కాకముందే లేచి బయటికి నడిచాడు.

నేను వెనకే ఉరికాను. బయట పాత బాయిలరు గద్దె మీద కూర్చున్నాడు. చెవి దగ్గర పెట్టాను. "సచ్చినోనికి చేసినట్టు చేస్తుండ్రు" అన్నాడు.

హార్మోనియం మామ రొప్పుకుంటూ వచ్చాడు. అన్న ఏమన్నాడో నేను చెప్పాను. ఆ ముసలాయన మొహం పాలిపోయింది. "అయ్యో అల్లుడా, అది నీ జాగ. నీ జాగ నీకే ఉంచినం. గింతమంది అడిగినా ఒక్కన్ని తాకనియ్యలే. మర్యాద అనుకున్నం గాని..." అని ఆగిపోయాడు. ఆయన తప్పేముంది. మిల్లు పద్ధతి ప్రకారం ఆయన చేసింది పెద్ద మర్యాదే. పాడలేని మనిషి ముందు ఆ మర్యాదను పరిస్తే ఎట్లుంటుందో మాత్రం ఎవరికీ తట్టలేదు, నాతో సహా.

అన్న ఏదో అన్నాడు. నేను విని మామకు చెప్పాను, "గొంతు లేని పద్యం ఎట్లుంటదో ఇయ్యాల ఇన్న అంటున్నడు."

మామ గద్దె మీద అన్న పక్కన కూలబడ్డాడు. "మరి ఏం చేద్దాం చెప్పు. నువ్వు ఎత్తియ్యవైతివి. ఎత్తియ్యకుంటే ఎవడు పాడాలె?"

లోపల పాట ఆగిపోయింది. ఎత్తివ్వడం అంటే ఏమిటో నాకు తెలుసు, అన్నకు ఇంకా బాగా తెలుసు. ఆ తరువాత ఆయన ఆ పద్యం జోలికి పోకూడదు. మోటరు చప్పుడులో కూడా పోకూడదు. నాకు భయం వేసింది. "వద్దు అన్నా, పా, ఇంటికి పోదాం" అన్నాను.

అన్న నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగాడు. "చెల్లె, నిజం చెప్పు. నా గొంతు వస్తదా?"

రెండేళ్లుగా నేను, వదిన, పిల్లలు అందరం ఆ ప్రశ్నను దాటవేస్తూ వచ్చాం. జర ఓపిక పట్టు, మందులు వాడు, కాలం రావాలె అంటూ. నేను నోరు విప్పితే ఊరు వాడా దద్దరిల్లుతుందని మా ఆయన అంటాడు. ఆ నోటికి అప్పుడు ఒక్క మాట రావడానికి ఎంతసేపు పట్టిందో.

"రాదు అన్నా" అన్నాను.

ఆయన నా మొహం వైపు చూస్తూనే ఉన్నాడు. తరువాత తల ఊపాడు, చిన్నప్పుడు నేను పాదం చెబితే ఊపినట్టే. లేచి, తువ్వాలుతో మొహం తుడుచుకుని లోపలికి నడిచాడు.

లోపల అన్న హార్మోనియం పక్కన కూర్చున్నాడు. సంగతి ఎవరూ చెప్పకుండానే అందరికీ అర్థమైంది. వడ్డేపల్లి సారు ముందుకు జరిగి చేతులు కట్టుకున్నాడు. చాలాకాలంగా ఆ పద్యం మీద ఆయనకు మనసుందని అందరికీ తెలుసు. మంచి గొంతు. ఆయనకిస్తే పద్యం పది కాలాలుంటుంది. అన్న ఆయన వైపు చూసి, భుజం తట్టి, కాదన్నట్టు తల తిప్పాడు. నన్ను చూపించాడు.

"నాకెందుకు? నేనెన్నడు పాడిన?" అన్నాను. నిజమే. ఆడవాళ్లు అక్కడ కూర్చుని వింటారు. మా కాలంలో ఆడవేషాలకు కర్నూలు నుంచి మనుషులను పిలిపించేవాళ్లు, ఇంటి ఆడవాళ్లను స్టేజీ ఎక్కనిచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు పాడితే ఎవరూ కాదనరు. అయినా అరవై ఏళ్ల అలవాటు ఒక్క మాటతో పోతుందా? అన్న మామ చెవిలో ఏదో చెప్పాడు. మామ గట్టిగా అందరికీ వినిపించాడు. "పద్యం నాకు నేర్పిచ్చిందే ఈమె. దీనిదే దీనికి ఇస్తున్న అంటున్నడు."

పోయి అన్న ఎదురుగా కూర్చున్నాను.

ఆ పద్యం మొదటి మాట పిలుపే. ఏటి అవతలి ఒడ్డుకు వేసే "ఓ" అనే కేక. మామ హార్మోనియం ఆపేశాడు. ఎవరో లేచి ఫ్యాను కట్టేశారు. అన్న ఊపిరి లోపలికి తీసుకున్నాడు. మెడ నరాలు లేచాయి, నోరు తెరుచుకుంది. గాలి వచ్చింది. గాలి తప్ప ఏమీ రాలేదు. అయినా షెడ్డులో ఆ మూల కూర్చున్నవాళ్లకు కూడా వినపడిందని తరువాత చెప్పారు. ఆగాడు.

నేను అందుకున్నాను. మామ అలవాటు కొద్దీ అన్న శ్రుతే ఇచ్చాడు. నా గొంతు అక్కడికి పోలేదు. పీచులాగా చీలింది. ఎవరూ నవ్వలేదు. మామ ఆగి, మెట్లు దిగినట్టు దిగి, నాకు అందే చోట మళ్లీ ఇచ్చాడు. అంత కింది శ్రుతిలో ఆ షెడ్డు ఎప్పుడూ పాట విని ఉండదు. ఒక్కో పాదం చెబుతుంటే రొట్టె నములుతూ తల ఊపిన మా అన్నే కనబడుతున్నాడు. ఎదురుగా కూర్చున్న మనిషి పెదవులు నాతో పాటు కదులుతున్నాయి. మాట మాటకూ కదులుతున్నాయి. చివరి పిలుపు దగ్గర నాకు ఊపిరి చాలలేదు. మధ్యలో ఆగి, గుక్క తిప్పుకుని ఎట్లాగో గట్టెక్కించాను.

ఎత్తిచ్చినవాణ్ణి పెద్దమనిషి అడగడం పద్ధతి, అవునంటేనే ఇచ్చినట్టు. "అల్లుడా, ఇచ్చినవా?" అని మామ అడిగాడు. లేదు, ఇయ్యలేదు అని అన్న అంటే బాగుండునని నాకు ఆ క్షణాన ఎంత బలంగా అనిపించిందో చెప్పలేను. రాదు అని చెప్పిన నోటితోనే, వస్తది, నీ దగ్గరే ఉంచుకో అని అరవాలనిపించింది.

"ఇచ్చిన" అన్నాడు. పెదవులు చూసి అందరికీ తెలిసింది.

నేను వంగి కాళ్లు మొక్కాను. అన్న నన్ను లేపి చెవి దగ్గరికి వంగాడు. దీవిస్తాడనుకున్నాను. "నడుమ ఊపిరి గుంజినవ్. ఏటి అవతలికి ఎట్ల ఇనవడతది? మల్ల పాడు" అన్నాడు.

ఏడుస్తూ నవ్వాను. కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ ఎత్తుకున్నాను. ఈసారి మొదటి మాటా నాదే. పాడుతూ అన్న మొహమే చూశాను. కళ్లు మూసుకున్నాడు. వేళ్లు మోకాలి మీద తాళం వేస్తున్నాయి. పెదవులు మాత్రం, పద్యం మొదటి నుంచి చివరి దాకా, ఒక్క మాటకు కూడా కదలలేదు. నోరు గట్టిగా మూసుకుని విన్నాడు.